ముగ్గుగోడల బడి

మొన్న బడిలో మీటింగ్ అయిన దగ్గర్నించి నా చేతికి పని సాగట్లేదు. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మిషను కిటికీ పక్కన ఉంటది, అక్కడ కూర్చుంటే బడి కనపడుద్ది. నిన్న ఒకావిడ జాకెట్టుకి కుడిచెయ్యి ఎడమపక్క, ఎడమచెయ్యి కుడిపక్క పెట్టి కుట్టేశా. విప్పదీస్తుంటే మా అమ్మ చూసింది. "ఆ గేటు సంగతి కాసేపు పక్కన పెట్టవే. లేకపోతే ఊళ్ళో ఆడాళ్ళందరికీ చేతులు తిరగబెడతావు" అంది. నవ్వొచ్చింది గానీ, మళ్ళీ సూది చేతిలోకి తీసుకోంగానే అదే ఆలోచన.

సంగతేందంటే, మా బడికి ఒకటే గుమ్మం. తూర్పు పక్కన, బండ్లు పోయే డొంక వైపు ఉంటది. అది అటు ఊరికీ దగ్గర కాదు, ఇటు ఊరి బయటున్న మా పల్లెకీ దగ్గర కాదు. ఎవరు రావాలన్నా కాస్త చుట్టూ తిరిగి రావాల్సిందే. ఇప్పుడు బడికి ప్రహరీ గోడ కడతన్నారు. దాంతోపాటు ఉత్తరం పక్క, ఊరివైపు, ఇంకో గుమ్మం తీసి గేటు పెడదామని పేరెంట్స్ కమిటీలో మాటొచ్చింది. నేనూ కమిటీలో ఉన్నా, మా దీవెన అక్కడే అయిదో తరగతి. మా బడిలో పాతరోజుల్నించీ ఒక పద్ధతుంది. బిల్డింగులో ఏది మార్చాలన్నా ముందు పిల్లల సభలో తేలాలి, ఆ తర్వాతే పెద్దోళ్ళు చేతులెత్తాలి. రేపు శనివారం నించి పిల్లలు దాని పనిలో ఉంటారు. నా కూతురు ఆ గేటు కావాలనే వైపే ఉంది. "బస్సు అటే ఆగుద్దిగా అమ్మా, ఎందుకు చుట్టూ తిరగటం?" అంది. నేను గయ్యిమన్నా. అది బిత్తరపోయి, "ఎందుకు కోప్పడతావ్, అసలు ఈ బడి కట్టేటప్పుడు ఏం జరిగిందో చెప్పు" అంది. నోటితో చెబితే నాకు మళ్ళీ కోపం వచ్చేస్తది. అందుకని రాస్తన్నా. జ్ఞాపకాలు రాసేంత వయసు నాకేం రాలేదు, చదువు కూడా పదో తరగతి దాకానే. తప్పులుంటే సర్దుకోండి.

మా పాత బడి పొడుగాటి పెంకుల షెడ్డు. ఊరికీ పల్లెకీ మధ్యలో ఖాళీ జాగాలో ఉండేది. ఉత్తరం పక్క ఊరు, దక్షిణం పక్క మేము. షెడ్డుకి రెండు గుమ్మాలు, ఒకటి అటు, ఒకటి ఇటు. ఊళ్ళో పిల్లలు వాళ్ళ గుమ్మంలోంచి వచ్చి ఆ చివర కూర్చునేవాళ్ళు. మేం మా గుమ్మంలోంచి వచ్చి ఈ చివర కూర్చునేవాళ్ళం. నల్లబోర్డు ఆ చివర గోడకుండేది. మమ్మల్ని వెనక కూర్చోమని ఎవరూ అనలేదు, ఆ మాట ఇప్పుడు కూడా గట్టిగానే చెబుతా. మాస్టర్లు మంచోళ్ళే. లోపలికి రాంగానే దగ్గరున్న చోట కూలబడతాం గదా, అంతే. మధ్యాహ్నం అన్నం కూడా అట్టాగే, ఎవరి గుమ్మం ముందు వాళ్ళు పళ్ళాలు పట్టుకుని కూర్చోవటం. పప్పు గరిటె ఆ గుమ్మం దగ్గర మొదలై మా దగ్గరికొచ్చేసరికి నీళ్ళనీళ్ళగా ఉండేది. పప్పంటే అట్టాగే ఉంటదనుకునేవాళ్ళం.

ఇంకో సంగతి, మిరపకాయలు. కాయ కోతకొచ్చిందంటే బడి జాగా అంతా కల్లమే. పడమటి పక్క చేనంతా రాఘవయ్యగారిది. ఆయన కాయ ఏటా బడి జాగాలోనే ఎండబోసేవాళ్ళు. ఎర్రటి దుప్పటి పరిచినట్టు ఉండేది చూడ్డానికి. గాలి మళ్ళితే మాత్రం ఎక్కాలు చదివే పిల్లలందరూ ఒకేసారి తుమ్మేవాళ్ళు. మా అమ్మా, పల్లెలో ఆడాళ్ళందరూ ఆ కల్లంలోనే తొడిమలు తీయటానికీ తాలుకాయలు ఏరటానికీ కూలికెళ్ళేవాళ్ళు. నేను లెక్కలు చేసుకుంటా కిటికీలోంచి చూస్తే అమ్మ వీపు కనపడేది. ఆ పని రోజుల్లో అమ్మ నన్ను ముట్టుకునేది కాదు. చేతులకి ఎంత మజ్జిగ పోసి కడిగినా, నూనె రాసినా మంట పోదు, నా మొహానికి తగిలితే నేను గంతులేస్తా. అందుకని పొద్దున్నే, పనిలోకి పోకముందే, నాకు జడ వేసి పంపేది. సాయంత్రం అన్నం పెట్టటం, పక్కలో వేసుకోటం అంతా మా మామ్మే. నాన్నకి గుంటూరులో జిన్నింగు మిల్లులో పని, వారానికోసారి బట్టలకి దూది అంటించుకుని వచ్చేవాడు.

మామ్మ గురించి చెప్పాలి. మా నాన్నని కన్నతల్లి. తెల్లారకముందే లేచి పల్లె అంతా వినపడేట్టు ప్రార్థన చేసేది. దేవుడికి చెవుడేమో అనుకునేదాన్ని. గోంగూర ఉడుకుతుంటే ఆ పులుపు వాసనలో కళ్ళు మూసుకుని, ఒక చేత్తో గరిటె తిప్పుతా, ఇంకో చెయ్యి పైకెత్తి మా అందరి పేర్లూ చదివేది. పట్టింపులు ఎక్కువ. బొట్టు లేదు, జాతకం లేదు, ఇంటి ముందు ముగ్గు అసలే లేదు. "అయ్యి మనయ్యి కాదే" అనేది. పల్లెలో చాలామంది ఇళ్ళు అంతే. కళ్ళాపి చల్లి ఊరుకుంటాం. అందుకని కొత్త బడి పని మొదలయ్యేదాకా నేను ముగ్గుపిండి చేత్తో పట్టుకోలేదు.

తుఫానుకి షెడ్డు ఒక పక్క కూలింది. కొత్త బడికి గవర్నమెంటు డబ్బు కొంత, ఏదో ట్రస్టు డబ్బు కొంత వచ్చింది. ప్లాను గీయటానికి నీలిమ మేడం అని ఒకామె వచ్చింది. చిన్నామె, ప్యాంటు వేసుకుని, టోపీ పెట్టుకుని, నల్లరేగడిలో చెప్పులు ఇరుక్కుంటే చేత్తో పట్టుకుని నడిచింది. మమ్మల్ని పోగేసి నేలమీద కూర్చుని, "మీకు ఎట్టాంటి బడి కావాలో మీరే చెప్పండి" అంది. మేం చెప్పాం. ఉయ్యాల కావాలి, సినిమా కావాలి, ఫ్యాను కావాలి. పెద్దాడపిల్లలు లోపల గడియ ఉండే బాత్రూం కావాలన్నారు. ఆమె అన్నీ విని, "సరే, లోపలికి ఎక్కడ నించి వస్తారు?" అని అడిగింది.

"మా గుమ్మంలోంచి" అన్నాడు రాఘవయ్యగారి మనవడు శీను.

"మీ గుమ్మం ఏది?"

"అదుగో, అది."

"మరి మీది?" అని నన్నడిగింది.

"ఇది" అన్నాను.

"అట్టా ఎవరు చెప్పారు?"

అందరం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. మాకు అట్టా ఎవరూ చెప్పిందే లేదు. మా హెడ్మాస్టారు పక్కనే నిలబడున్నాడు, ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకోటం మొదలుపెట్టాడు.  మేడం ఆ రెండు గుమ్మాల వంకా, ఆ బోర్డు వంకా చాలాసేపు చూసింది. నాకు ఆ రోజే మొదటిసారి మా షెడ్డు పొడుగ్గా కనపడింది.

అప్పట్నించి రోజూ మేం కూర్చుని కొట్టుకోటమే. ఒకటే గుమ్మం ఉండాలని మాత్రం తొందరగానే ఒప్పుకున్నాం, ఎందుకంటే రెండుంటే మళ్ళీ రెండు చివర్లూ వస్తాయి. ఎటు పెట్టాలి అనేదే గొడవ. మా వైపు పెడితే వాళ్ళకి కోపం, వాళ్ళ వైపు పెడితే మేం ఊరి నడివీధిలోంచి పోవాలి, ఆ వీధిలో చెప్పులేసుకుని నడవటానికే మా మామ్మ జంకేది. పద్మ అని నా నేస్తం, ఊళ్ళోదే, వాళ్ళకి కాస్త పత్తిచేను ఉంది. అదే అన్నది: "అటూ వద్దు, ఇటూ వద్దు. డొంకపక్క పెడదాం. అందరం తిరిగొద్దాం." "వానొస్తే డొంకలో బురదే" అని శీను అన్నాడు. "అయితే అందరికీ బురదే" అంది పద్మ. దానికి చేతులెత్తాం. ఆ తర్వాత పెద్దగది గుండ్రంగా ఉండాలన్నాం, గుండ్రంగా ఉంటే వెనక వరస ఉండదు కాబట్టి. కుళాయి గది ముందు నడిమధ్య పెట్టాం. గుమ్మం వెడల్పు గురించి చాలా కొట్టుకుని, చివరికి ఇద్దరు మనుషులు పక్కపక్కన పట్టేంత అనుకున్నాం. అన్నీ అయ్యాక హెడ్మాస్టారు ఆ కాయితం అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుందమ్మా, మరి నేనెక్కడ కూర్చోవాలి?" అన్నాడు. ఆయన గది సంగతి మాకు ఒక్కళ్ళకీ గుర్తు రాలేదు. ఆయనా నవ్వాడు. గుమ్మం పక్కనే గది ఇచ్చాం, కిటికీ మా ఎత్తుకి అందేట్టు పెట్టమన్నాం.

కాయితం మీద గీత చూస్తే ఊళ్ళో పెద్దోళ్ళకి ఏం అర్థం కాదు, నేలమీద పోసి చూపిద్దాం అంది మేడం. పునాదికి ముందు ముగ్గు పోస్తారుగా, అట్టా. గోడ ఎక్కడొస్తదో అక్కడ కర్రమేకులు కొట్టి, పురికొస కట్టి, దాని వెంబడి ముగ్గుపిండి పోయాలి. ఊరి పెద్దలు వచ్చి ఒప్పుకునేదాకా ఆ గీతల్లోనే బడి నడపాలి. నేను పిండి ముట్టుకోకుండా నిలబడ్డా. "ఏమే, నీకు రాదా?" అంది పద్మ. "రాదు." "బొటనవేలూ చూపుడువేలూ మధ్యలోంచి వదలాలి, గుప్పెడు తెరవమాక, ఇసకలాగా జారాలి." నేను పోసిన గీత వానపాములాగా వంకర్లు పోయింది. అందరూ నవ్వారు. మళ్ళీ మళ్ళీ పోశా. ఇంటికెళ్ళేసరికి గోళ్ళ సందుల్లో తెల్లగా ఉంది. మామ్మ చెయ్యి పట్టుకుంది.

"ఏందే ఇది?"

"ముగ్గు మామ్మా."

"మనకెందుకే అయ్యి?"

"దేవుడిది కాదు మామ్మా. గోడది. బడి గోడ."

మామ్మ నా వేళ్ళని తిప్పి తిప్పి చూసింది. "గోడదా. అయితే వంకర లేకుండా పొయ్యి" అంది.

మొత్తం పోయటం అయిన రోజు పొద్దున హెడ్మాస్టారు అలవాటుగా తూర్పుమూల మేకుకి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టాడు. మేం పంచుకుని తిన్నాం. ఆ గీతల మధ్య బడి మొదలయింది. మీకు నవ్వొస్తదేమో, గోడ లేదు, కప్పు లేదు, పైన ఎండ. కానీ ఎవరూ గీత దాటేవాళ్ళు కాదు. దాటితే "గోడలోంచి వచ్చావ్" అని పట్టుకునేవాళ్ళం. ఇంటి దగ్గర్నించి పరిగెత్తుకుంటా వచ్చి, గీత కాడ ఆగి, డొంక దాకా తిరిగి, గుమ్మంలోంచి లోపలికి. ఊళ్ళో పిల్లలూ మేమూ డొంకలో కలుసుకోవటం అప్పుడే మొదలయింది. అంతకుముందు బళ్ళో కలిసేవాళ్ళం గానీ, దారిలో కలవలేదు. పద్మా నేనూ కలిసి నడవటం అప్పట్నించే. ఆ గుండ్రం గదిలో కూర్చుంటే మొదటిరోజు నాకు సిగ్గేసింది, అందరికీ నా మొహం కనపడతది. దాక్కోటానికి లేదు.

అదే సమయానికి మొదటి కోత మిరపకాయ దిగింది. రాఘవయ్యగారి ట్రాక్టరు కాయ నింపుకుని బడి జాగాలోకి వచ్చి, గీత చూసి ఆగింది. డ్రైవరు దిగి, మేకుకి రాసిన పసుపు చూసి, తల గోక్కుని, ట్రాక్టరు వెనక్కి తిప్పేశాడు. ఆ మాట ఊరంతా పాకింది. కాయ ఇంక ఎక్కడ పోస్తారు, పిల్లలు చెబితే గుమ్మం డొంకపక్క పెడతారా, మన బడికి మనం చుట్టూ తిరిగి పోవాలా అని రచ్చబండ కాడ మాటలు. సోమవారం ఊరి పెద్దలందరూ వచ్చి ముగ్గులో కూర్చుని తేల్చుకోవాలని అనుకున్నారు. పెద్దోళ్ళు కాదంటే ఊరివైపు గుమ్మంతో మామూలు పొడుగు బిల్డింగే. పిల్లల తరఫున మాట్లాడటానికి పద్మనీ నన్నూ పెట్టారు.

ఆదివారం చర్చి నించి వచ్చేసరికి మా గడప ముందు ముఠా మేస్త్రి కూర్చునున్నాడు. కల్లానికి ఎవరెవరు కూలికి రావాలో ఆయనే పిలుస్తాడు. మా పల్లె మనిషే. నీళ్ళు తాగి, చెంబు పక్కన పెట్టి, అమ్మ వంక చూడకుండా అన్నాడు. "మీ పిల్ల రేపేదో మాట్లాడుద్దంటగా."

"మాట్లాడమన్నారంట" అంది అమ్మ.

"అయ్యగారు అడిగారు. ఎవరి పిల్ల అని. చెప్పక తప్పలేదు. ఈ వారం నించి మనుషుల్ని పిలవాలి. చూసుకోవాలిగా మరి."

అంతే అన్నాడు. అరవలేదు, బెదిరించలేదు. లేచి పోయాడు. అమ్మ ఆ చెంబు తీసుకుని కడిగిందే కడిగింది. మామ్మ ఆ పూట ప్రార్థన లోపల్లోపలే చేసుకుంది, దాంతో నాకు ఇంకా భయమేసింది. మిరపకోత రోజుల కూలి మీదే మాకు సంవత్సరం గడిచేది. అది నాకు తెలుసు. నేను మాట్లాడనని చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. మర్నాడు పొద్దున అమ్మ నాకు జడ వేసేటప్పుడు కళ్ళమ్మట నీళ్ళొచ్చేంత గట్టిగా లాగింది. అల్లటం అయ్యాక రిబ్బను ముడేస్తా, "చెప్పాల్సింది చెప్పు. మెల్లగా చెప్పు, అరవమాక" అంది.

అప్పుడు నేను బట్టీ పట్టిన మాటలు చాలా ఉన్నాయి. వెలుతురు గురించి, గాలి గురించి, అందరూ సమానం గురించి. అన్నీ మర్చిపోయా. అందరూ వచ్చి కూర్చున్నారు. ఊళ్ళోవాళ్ళు చాలామంది డొంకమ్మటే తిరిగొచ్చారు, పిల్లలు పట్టి లాక్కొచ్చారు కాబట్టి. మా పల్లె ఆడాళ్ళు ఒక పక్క చేరి కూర్చున్నారు. రాఘవయ్యగారు ఆఖర్న వచ్చారు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు. ఆయన డొంక వంక కూడా చూడలా. ఊరివైపు నించి నేరుగా, ఎప్పుడూ వచ్చే దారినే, మాటలాడుకుంటా వస్తన్నారు. గీత దాకా వచ్చి కాలెత్తారు.

నేను లేచాను. ఎందుకు లేచానో నాకే తెలీదు. వారం నించీ ఎవరు గీత దాటినా పట్టుకోవటం అలవాటయిపోయింది.

"అయ్యా, అది గోడండీ" అన్నాను. "గుమ్మం అటుంది."

 ఆయన కాలు అట్టాగే గాల్లో ఉంది. నన్ను చూశారు. నా వెనక మా అమ్మ వైపు చూశారు, ఎవరి పిల్లో ఆయనకి తెలుసుగా.  అప్పుడు ఆయన తలొంచి కింద ముగ్గు చూశారు. మూలన మేకు, దానికి పసుపు, పక్కన ఎండిపోయిన కొబ్బరిచిప్ప. కొబ్బరికాయ కొట్టిన పునాది ముగ్గు తొక్కటం ఆయన పుట్టి బుద్ధెరిగాక చేసుండరు, చేసినోళ్ళని తిట్టే రకం. కాలు వెనక్కి తీసుకున్నారు.  తువ్వాలు సర్దుకుని, గీత వెంబడే నడిచారు, మూల తిరిగి, డొంకలోకి దిగి. అంతమందిమీ ఆయన నడుస్తుంటే చూస్తా కూర్చున్నాం. అంత దూరమా అనిపించింది నాకు.

ఆయన గుమ్మం దగ్గరికి వచ్చే వేళకి మా మామ్మ దక్షిణం పక్క నించి కర్ర పొడుచుకుంటా వచ్చింది. ఎప్పుడూ ఆలస్యమే. గీత కాడ ఆగింది. మామ్మకి ముగ్గు పట్టింపు లేదు, తొక్కి వచ్చినా పాపం లేదు, పైగా మోకాలి నొప్పి. అందరూ ఆమె వంకే చూస్తన్నారు. "గుమ్మం ఎటుందే కరుణా?" అని అరిచింది. నేను చెయ్యి చూపించా. ఆమె కూడా తిరుగుడు మొదలెట్టింది. ఇద్దరూ గుమ్మం దగ్గర కలిశారు. ఒక్క క్షణం ఆగారు, ఎవరు ముందు అన్నట్టు. అది ఇద్దరు పట్టేంత గుమ్మం. ఇద్దరూ పక్కపక్కనే, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా లోపలికొచ్చారు. గుండ్రంలో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చున్నారు.

"ఇంటి ముందున్న బడికి మా పిల్లలు డొంక తిరిగి పోవాలా?" అన్నారు రాఘవయ్యగారు.

"మేం రోజూ తిరుగుతున్నాం తాతా. ఏం కాలేదు" అంది పద్మ. ఆయన వాళ్ళకి చుట్టం.

"నువ్వూరుకో. మరి కాయ ఎక్కడ పోసుకోవాలి?"

 హెడ్మాస్టారు గొంతు సవరించుకుని, "ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు. పిల్లలం అందరం ఎత్తాం. పెద్దోళ్ళు ఎత్తలేదు. ఊళ్ళోవాళ్ళు ఆయన వంక చూస్తన్నారు, మావాళ్ళు నేల వంక చూస్తన్నారు. గుండ్రంగా కూర్చున్నాం గదా, ఎవరు ఎత్తారో ఎవరు ఎత్తలేదో అందరికీ కనపడుద్ది, ఆ సంగతి మేం అనుకోలా. మేం దాక్కోకూడదని పెట్టుకున్న గదిలో మా అమ్మ కూడా దాక్కోలేకపోయింది. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు అమ్మ చెయ్యి లేచింది. వేళ్ళు మొరటుగా, గోళ్ళు అరిగి, చివర్లు పగిలి. ఏటా ఆయన కాయ ఏరిన చేతులే. ఆయన చూశారు. అమ్మ దించలేదు. కాసేపటికి ఆ పక్క నించి పద్మ వాళ్ళమ్మ చెయ్యి లేచింది. తర్వాత ఇంకొకళ్ళు, ఇంకొకళ్ళు. మామ్మ రెండు చేతులూ ఎత్తింది, ఒకటి దించమని పక్కనోళ్ళు చెప్పాల్సి వచ్చింది. రాఘవయ్యగారు చెయ్యెత్తలేదు, వద్దనీ అనలేదు. లేచి, వచ్చిన గుమ్మంలోంచే వెళ్ళిపోయారు.

ఆ సంవత్సరం మేస్త్రి అమ్మని పిలవలేదు. అమ్మ అద్దంకి వైపు చేలకి ఆటోలో పోయేది, ఇంకా చీకటుండగానే. నాకు జడ వేసే టైము ఉండేది కాదు. నేనే అల్లుకుంటే తాడు పేనినట్టు ఉండేది. బళ్ళో కుళాయి పెట్టబోయే చోట నిలబెట్టి పద్మ విప్పి మళ్ళీ అల్లేది. అమ్మ ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. మరుసటేడు మనుషులు దొరక్క రాఘవయ్యగారే కబురంపారు. వేరే చోట రేకులేసి కల్లం చేసుకున్నారు. అమ్మ వెళ్ళింది. అంతే, అక్కడితో అయిపోయింది.

బడి లేచింది. ముగ్గు ఉన్నచోటే గోడలు. కప్పు పడ్డాక గుండ్రం గదిలో మొదటిసారి మాట్లాడితే నా గొంతు నాకే తిరిగొచ్చి భయపడ్డా. అక్కడే నేను లేచి నిలబడి మాట్లాడటం నేర్చుకున్నా. పిల్లల సభ పెట్టుకుని, పప్పు గరిటె ఇవాళ ఇటునించి మొదలైతే రేపు అటునించి అని తీర్మానం చేసింది కూడా అక్కడే. అప్పుడు తెలిసింది మాకు, పప్పు చిక్కగా కూడా ఉంటదని.

ఇప్పుడు మీటింగుకొస్తా. కమిటీ పెద్ద ఎవరనుకున్నారు, ఆ శీనే. కొడుకు ఇక్కడ చదవకపోయినా, ఊరి పెద్ద అని తననే కూర్చోబెట్టారు. రాఘవయ్యగారు మంచాన ఉన్నారు, చేలన్నీ శీనే చూసుకుంటన్నాడు. చెడ్డోడు కాదు. మామ్మ పోయినప్పుడు టెంటూ కుర్చీలూ తనే తెప్పించాడు. "కరుణా, నువ్వింకా అప్పట్లోనే ఉన్నావు. బస్సు ఇటాగుద్ది. వానొస్తే పిల్లలు డొంకలో జారిపడతన్నారు. అప్పటి ఆ పద్ధతులు ఇప్పుడెవరికున్నాయి?" అన్నాడు.

"గుమ్మం ఒకటే ఉండబట్టి లేవేమో శీనూ."

"ఉన్న గుమ్మంలోంచి వచ్చేదెవరు? లెక్కేసుకో. మావాళ్ళ పిల్లలందరూ వ్యానెక్కి కాన్వెంటుకి పోతన్నారు. గేటు ఇటుంటే నలుగురన్నా తిరిగొస్తారు. నా కొడుకుని ముందు నేనే తెచ్చి వేస్తా."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే నిజం. డొంకలో ఇప్పుడు దీవెనకి పద్మలాంటిది తగలట్లేదు. అంతా మా పల్లె పిల్లలూ, ఊరిలో లేనోళ్ళ పిల్లలు కొద్దిమందీ. గుమ్మం మేం గీసినచోటే ఉంది, ఊరు మాత్రం వ్యానెక్కి వేరే గుమ్మానికి పోయింది. అట్టాగని ఇంకో గుమ్మం తీస్తే మళ్ళీ వాళ్ళ గుమ్మం, మన గుమ్మం అవుద్దేమోనని నా భయం. రెండూ నిజమే అయితే ఏది పట్టుకోవాలో నాకు తెలీట్లేదు. పద్మకి ఫోన్ చేశా, అది ఇప్పుడు పొన్నూరులో కాపురం. అంతా విని, "పిల్లలేమంటన్నారే?" అంది.  గయ్యిమన్నానని చెప్పనా?

నిన్న సాయంత్రం దీవెన వచ్చి నా పక్కన కూర్చుంది. ప్రహరీ ఎక్కడొస్తదో అక్కడ ముగ్గు పోస్తారంట. కొన్నాళ్ళు గుమ్మం డొంకపక్క ఒకటే పెట్టి, కొన్నాళ్ళు ఊరిపక్క కూడా పెట్టి, నడిచి చూస్తారంట. ఎవరు ఎటునించి వచ్చి ఎక్కడ కూర్చుంటన్నారో వాళ్ళే చూసుకుంటారంట. కాన్వెంటు పిల్లల్ని కూడా ఆదివారం పిలుస్తారంట, శీను కొడుకు వస్తానన్నాడంట. "మీరు నడిచి చూశారుగా, మేం చూడొద్దా?" అంది. వద్దని ఎట్టా అనను. కొట్టుకి పోయి ముగ్గుపిండి నేనే కొనుక్కొచ్చా.

పొద్దున మా ఇంటి ముందు, కళ్ళాపి ఆరకముందే, అది గీత పోయటం నేర్చుకుంటంది. మా అమ్మ అరుగు మీద కూర్చుని చూస్తంది. మామ్మ ఉంటే ఏమనేదో అదే అంది. "వంకర లేకుండా పొయ్యవే." దాని చెయ్యి నా చెయ్యికంటే నిదానం. పిండి ఇసకలాగా జారతంది. నేను మిషను దగ్గరికి పోదామని అడ్డంగా అడుగేశా.

"అమ్మా, అది గోడ" అంది, తలెత్తకుండానే. "శనివారం కూడా అంతే. మేం గుమ్మం ఎటు పెడితే అటునించే రావాలి నువ్వు."

నా కాలు గాల్లోనే ఉండిపోయింది. ఆ మాట అన్నప్పటి నా భయమే నాకు గుర్తు. విన్నాయనకి ఎట్టా ఉందో ఇన్నాళ్ళకి తెలిసింది. కాలు వెనక్కి తీసుకుని, "ఎటుందే మరి గుమ్మం?" అని అడిగాను.